అద్దానికి అవతలి మనుషులు: రేడియో స్టూడియోలో మిగిలినది, పోయినది

(కోల్‌కతాలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక మహనీయుని పేరిట జరుగుతాయి. ఈ సభ నిర్వాహకులు అలా కాకుండా, రేడియో స్టూడియోలో అద్దానికి అవతలి గదిలో కూర్చుని పనిచేసి వెళ్లిపోయిన సాంకేతిక సిబ్బంది అందరి స్మృతిలో ఈ ఉపన్యాసాన్ని ఏర్పాటు చేశారు. నాటిక అయిపోగానే రచయిత పేరు చెప్పేవారు, నటీనటుల పేర్లు చెప్పేవారు. ఫేడరు మీద వేళ్లు ఉంచి, మీటరు ముల్లు మీద చూపు నిలిపి కూర్చున్న మనిషి పేరు మాత్రం శ్రోతకు చేరేది కాదు. వారిని తలచుకునే సభలో మాట్లాడమని నన్ను పిలిచినందుకు కృతజ్ఞుణ్ణి.

వారి చేతుల్లో మెలిగిన పరికరాల గురించే మాట్లాడదలిచాను. నా ప్రతిపాదన ఇది: రేడియో పుట్టిన నాటి నుంచి ఇటీవలి వరకు, ప్రసారమైన దానిలో ఏది నిలవాలి, ఏది గాలిలో కలిసిపోవాలి అన్నది ప్రధానంగా పరికరమే నిర్ణయించింది. కళాకారుడి గొప్పతనానికీ శ్రోతల ఆదరణకూ అందులో దక్కిన పాలు చాలా తక్కువ. ఆ నిర్ణయం ఇప్పుడు మొట్టమొదటిసారి మనుషుల చేతికి వచ్చింది. వచ్చిందన్న సంగతి మనం ఇంకా సరిగా గ్రహించలేదు.

ఈ మాట చెప్పడానికి ఈ నగరాన్ని మించిన చోటు లేదు. 1895 ప్రాంతంలో ఇక్కడి టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనబడని తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపించారు. 1902లో గౌహర్ జాన్ గొంతు గ్రామఫోను కంపెనీ పళ్లాలలోకి ఎక్కింది ఇక్కడే. 1908లో సియాల్దా దగ్గర ఆ కంపెనీ రికార్డుల కర్మాగారం పెట్టింది. తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. మన తాతల ఇళ్లలో మోగిన పౌరాణిక నాటకాల పద్యాల రికార్డులు తెలుగు నేలకు చేరింది ఈ ఊరి నుంచే. 1923 నవంబరులో రేడియో క్లబ్ ఆఫ్ బెంగాల్ ఒక చిన్న ట్రాన్స్‌మిటరుతో ప్రసారాలు మొదలుపెట్టింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్య శిశిర్ కుమార్ మిత్ర రేడియో విజ్ఞానాన్ని పాఠ్యవిషయంగా నిలబెట్టారు. 1927 ఆగస్టు 26న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కలకత్తా కేంద్రం ప్రారంభమైంది. ఒకటిన్నర కిలోవాట్ల శక్తి గల ట్రాన్స్‌మిటరు. స్టూడియో సెయింట్ జాన్స్ చర్చి పక్కన, నంబరు 1 గార్‌స్టిన్ ప్లేస్ భవనంలో. ఆ కంపెనీ మూడేళ్లు తిరక్కుండానే మూతపడి, 1930లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1936 జూన్ 8న ఆ వ్యవస్థకు ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు.

మన వైపు కథ కొంచెం ఆలస్యంగా నడిచింది. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్, 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన దక్కన్ రేడియో, 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం. ఈ తేదీలన్నీ తెలిసినవే. ఆ రోజుల్లో ఆ గదుల్లో ఏ వస్తువులు ఉండేవో అంతగా తెలియదు. అక్కడి నుంచి మొదలుపెడతాను.

తొలినాళ్ల మైకు బొగ్గు పొడితో పనిచేసేది. పాలరాతి దిమ్మను తొలిచి, అందులో బొగ్గు నలుసులు నింపి, పైన పలుచటి పొర బిగించేవారు. మాట తాకిడికి పొర కదిలితే నలుసులు నొక్కుకుని విద్యుత్తు హెచ్చుతగ్గులయ్యేది. అదే శబ్దం. నలుసులు గడ్డ కడితే ధ్వని మందగించేది. నిశ్శబ్దంలో కూడా వెనుక సన్నటి బుస వినిపిస్తూనే ఉండేది. గోడల ప్రతిధ్వనిని మింగడానికి మందపాటి తెరలు వేలాడదీసేవారు. గాలి ఆడని గదిలో, ఒకే మైకు చుట్టూ పాడేవారిని, వాయించేవారిని దూరం లెక్క చూసి నిలబెట్టేవారు. మృదంగం వెనక్కి, వయొలిన్ పక్కకు, గాయకుడు ముందుకు. ఇప్పుడు మిక్సర్ మీద వేళ్లతో చేసే పనిని అప్పుడు మనుషులను అటూ ఇటూ జరిపి చేశారు.

1930లలో రిబ్బన్ మైకు వచ్చింది. అయస్కాంతపు రెండు ధ్రువాల నడుమ ముడతలు పెట్టిన అల్యూమినియం రేకు. ఎంత పలుచన అంటే గట్టిగా ఊదితే చినిగిపోయేటంత. ముందు నుంచీ వెనుక నుంచీ వింటుంది, పక్కల నుంచి వినదు. రేడియో నాటకానికి ఈ గుణం వరమైంది. ఇద్దరు నటులు మైకుకు చెరో వైపు ఎదురెదురుగా నిలబడి, ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ సంభాషణ చెప్పగలిగారు. పాత్ర దూరమవుతున్నట్లు వినిపించాలంటే నటుడు మెల్లగా మైకు పక్కవైపుకు జరిగితే చాలు. దగ్గరగా వస్తే గొంతులో మంద్రం పెరుగుతుంది. అనుభవజ్ఞులైన నటులకు ఆ అంగుళాల లెక్క పాదాలకే తెలిసేది.

ఇక్కడ కొంచెం సేపు ఆగాలి. మైకు గొంతును మోసుకుపోవడంతో సరిపెట్టుకోలేదు, కొత్త గొంతును పుట్టించింది. తెలుగు పద్యనాటక సంప్రదాయం ఆరుబయలు ప్రదర్శనలో, మైకు లేని రోజుల్లో, చివరి వరుసలో కూర్చున్న రైతుకు కూడా రాగం అందాలనే పట్టుదలతో పెరిగింది. ఆ గొంతుకు గొప్ప బలం ఉంది. గుసగుసను మాత్రం అది పలికించలేదు. రిబ్బన్ మైకు గుసగుసకు గౌరవం తెచ్చింది. ఒక గదిలో ఒక మనిషి, మరో గదిలో వింటున్న ఒకే ఒక్క మనిషికి చెబుతున్నట్లు మాట్లాడటం, పాడటం అప్పుడే సాధ్యమైంది. తెలుగులో మనం లలిత సంగీతమని పిలుచుకునేది ఈ మైకు ముందు పుట్టిన బిడ్డ. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, రావు బాలసరస్వతీదేవి చేసిన పని సభాగానానికి లొంగేది కాదు. బెంగాలులో పంకజ్ కుమార్ మల్లిక్ చేసింది కూడా అదే. రేడియోలో పాట నేర్పడమనే ఆలోచనే, ఎదురుగా కనబడని విద్యార్థి పక్కన కూర్చున్నంత దగ్గరితనాన్ని మైకు ఇచ్చింది కాబట్టి పుట్టింది.

అయితే ఆ గొంతులన్నీ ఏమయ్యాయి? పలికిన క్షణాన్నే పోయాయి. 1930లలో, 40లలో ప్రసారం అంటే ప్రత్యక్ష ప్రసారమే. ఎర్ర దీపం వెలిగాక పొరపాటు జరిగితే దిద్దుబాటు లేదు. ఉరుముకు రేకు పలక, గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు, వానకు జల్లెడలో గింజలు, అన్నీ నాటకంతో పాటు అదే గదిలో, అదే క్షణంలో. రేడియో కోసం రాసిన ఎన్నో నాటికలు, రూపకాలు తరువాత పుస్తకాలయ్యాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు రేడియో రచనలు నేడు మనకు చాలా మటుకు అచ్చులోనే తెలుసు. కాగితం మిగిలింది, కంఠం పోయింది. ఏ సంపాదకుడూ ఆ ఎంపిక చేయలేదు. చవకగా నిలువ చేసే పరికరం స్టూడియోలో లేకపోవడమే ఆ ఎంపిక చేసింది.

ఉన్న పరికరం డిస్కు. అల్యూమినియం పలక మీద మెత్తని లక్క వంటి పూత పూసి, తిరుగుతున్న పలక మీద సూదితో అప్పటికప్పుడు గాడి చెక్కేవారు. పన్నెండు అంగుళాల పలక నిమిషానికి 78 చుట్లు తిరిగితే నాలుగైదు నిమిషాల నిడివి. నాలుగైదు సార్లు వినిపిస్తే గాడి అరిగేది. అలాంటి ఖరీదైన పలకను ఎవరి మాటలకు ఖర్చు పెడతారు? దేశనాయకులకు, చారిత్రక సందర్భాలకు. 1947 నవంబరు 12న గాంధీజీ ఢిల్లీ ఆకాశవాణి స్టూడియోకు వచ్చి, కురుక్షేత్రంలోని శరణార్థులను ఉద్దేశించి మాట్లాడారు. ఆయన ఆకాశవాణి స్టూడియోలో అడుగుపెట్టింది ఆ ఒక్కసారే. ఆ కంఠం నేటికీ ఉంది. అదే ఏడాది స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన రజనీకాంతరావు గీతం ‘మాదీ స్వతంత్ర దేశం’ గ్రామఫోను రికార్డుగా కూడా వచ్చింది కాబట్టి తరువాతి తరాలకు అందింది. ఆ సంవత్సరం పొలం పనుల గురించి మాట్లాడిన రైతు, పిల్లల కార్యక్రమంలో పద్యం చదివిన బాలిక ఎవరి జ్ఞాపకంలోనూ లేరు. నాలుగు నిమిషాల పలక సామాన్యులకు చోటివ్వలేదు.

టేపు వచ్చి ఈ లెక్కను మార్చింది. 1935లో జర్మనీలో ఏఈజీ సంస్థ మాగ్నెటోఫోన్‌ను ప్రదర్శించింది. యుద్ధం ముగిశాక ఆ విద్య అమెరికాకు పాకి, 1948 నాటికి ఆంపెక్స్ యంత్రాలు రేడియోలోకి వచ్చాయి. మన దేశంలో 1950లలో టేపు స్థిరపడింది. 1954లో ఆకాశవాణి ట్రాన్స్‌క్రిప్షన్ సర్వీసును ఏర్పరచుకుంది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. టేపు లేకపోతే ఆ సేవ ఊహకే అందదు. 1958లో కోల్‌కతా కేంద్రం గార్‌స్టిన్ ప్లేస్ వదిలి, ఈడెన్ గార్డెన్స్ దగ్గర స్టూడియోల కోసమే కట్టిన ఆకాశవాణి భవన్‌కు మారింది.

రెండు వేల నాలుగు వందల అడుగుల టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిస్తే 32 నిమిషాలు వస్తుంది. వేగం సగం చేస్తే గంటకు పైగా. నాలుగు నిమిషాల పలక తరువాత ఇది ఎంత విశాలమైన ప్రపంచమో ఊహించండి. కచేరీ మొత్తం పట్టింది. నాటకం మొత్తం పట్టింది. అంతకన్నా ముఖ్యంగా, కోయడానికి వీలైంది. స్పూలును రెండు చేతులతో ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పుతూ, హెడ్డు దగ్గర మాట ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టి, మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, గాడిలో పరచి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, సన్నటి అతుకు పట్టీ వేసేవారు. కోత ఏటవాలుగా ఎందుకంటే నిలువుగా కోస్తే అతుకు దగ్గర టప్పుమంటుంది. ఒక నిట్టూర్పు వదిలేయాలా, ఉంచాలా అన్నది ఆ బ్లేడు పట్టిన చేతి తీర్పు. ఆ చేతులు చాలా మటుకు ఇంజనీరింగ్ సిబ్బందివి, ప్రసార నిర్వాహకులవి. సాహిత్య విమర్శ ఏనాడూ వారి పేరు ఎత్తలేదు. నా దృష్టిలో వారు సంపాదకులు.

కొన్నాళ్లకు టేపు స్టూడియో తలుపు దాటింది. భుజానికి తగిలించుకునే ఊహర్, నాగ్రా వంటి యంత్రాలు పల్లెకు, పొలానికి, జాతరకు వెళ్లాయి. అంతకు ముందు బయటి ప్రసారం అంటే టెలిఫోను తీగల మీద ఆధారపడిన పెద్ద ఏర్పాటు. 1941 ఆగస్టు 7న రవీంద్రుని అంతిమయాత్రను బీరేంద్ర కృష్ణ భద్ర అలాంటి ఏర్పాటుతోనే నగరానికి కంఠంతో చూపించారు. టేపు వచ్చాక పల్లెపాట స్టూడియోకు రావలసిన అవసరం లేకపోయింది. యంత్రమే దాని దగ్గరకు వెళ్లింది. భారత్ ఎలక్ట్రానిక్స్, మెల్‌ట్రాన్ వంటి మన సంస్థల పరికరాలు క్రమంగా స్టూడియోల్లో చోటు సంపాదించాయి.

టేపు ఏమి చేయగలదో, ఏమి చేయకూడదో రెండూ ఒకే చోట చూడాలంటే ఈ నగరపు మహాలయ తెల్లవారుజామును చూడాలి. బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్ర కృష్ణ భద్ర చండీపఠనంతో ‘మహిషాసురమర్దిని’ 1931లో మొదలైంది. మూడు దశాబ్దాలకు పైగా అది తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రత్యక్షంగా ప్రసారమైంది. ఏటేటా గాయకులు మారారు, పాటల్లో మార్పులు వచ్చాయి. ఏ ఏటిది ఆ ఏటితోనే ముగిసింది. 1960లలో చేసిన రికార్డింగు ఆ తరువాత శాశ్వత రూపమైంది. 1976లో దాని స్థానంలో ఉత్తమ్ కుమార్ కంఠంతో కొత్త కార్యక్రమం ప్రసారం చేస్తే శ్రోతలు భరించలేకపోయారు. పాతదాన్నే వెనక్కి తేవలసి వచ్చింది. నేడు ఈ నగరం దేవిని మేల్కొలిపే గొంతు అదే. ఆ రికార్డింగు చేసినవారికి మనమంతా రుణపడి ఉన్నాం. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఏటా మారుతూ వచ్చిన ఒక సజీవ కళారూపంలో ఒక ఏడాది ముఖమే నిత్యమైంది. టేపు ఎప్పుడు తిరిగిందో అప్పుడు ఉన్నదే సంప్రదాయమైంది. ఈ సంగతి తెలుగువారికి కొత్త కాదు. విజయవాడ ‘భక్తిరంజని’లో మనం విన్న కొన్ని పాటల బాణీలు ఆ రికార్డింగులతోనే స్థిరపడ్డాయి, అవే పాటలకు ఊళ్లలో ఉన్న వేరు బాణీలు క్రమంగా వెనక్కి తగ్గాయి.

టేపుకు మరో ముఖం ఉంది. దాన్ని తుడిచి మళ్లీ వాడవచ్చు. దిగుమతి మీద ఆధారపడిన కాలంలో, విదేశీ మారకద్రవ్యం కరువైన కాలంలో, ఈ గుణమే శాపమైంది. ప్రసారమైన టేపును బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి క్షణాల్లో ఖాళీ చేసి మరుసటి కార్యక్రమానికి వాడటం ప్రపంచమంతటా జరిగింది. బీబీసీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. డిస్కు యుగంలో నిలువ చేయలేక పోగొట్టుకున్నాం. టేపు యుగంలో నిలువ చేసి, చేతులారా తుడిచాం. అలా తుడిచిన సిబ్బందిని తప్పు పట్టే అర్హత మనకు లేదు. బీరువాలో ఉన్నవి పది టేపులు, రేపు ఉదయం పన్నెండు కార్యక్రమాలు అంటే ఎవరైనా అదే చేస్తారు.

ఆ తరువాతి అధ్యాయాలను త్వరగా చెప్పుకోవచ్చు. కాంపాక్ట్ డిస్కు, డిజిటల్ టేపు కొన్నాళ్లు వచ్చి వెళ్లాయి. హార్డ్ డిస్కు, కంప్యూటర్ తెర నిలిచాయి. స్పూళ్లు తిరిగిన చోట తెర మీద అలల బొమ్మ కనబడింది. 2016 ఆగస్టు 23న కోల్‌కతా నుంచి బంగ్లాదేశ్ శ్రోతల కోసం ప్రారంభమైన ‘ఆకాశవాణి మైత్రి’ వెయ్యి కిలోవాట్ల డిజిటల్ ట్రాన్స్‌మిటరు మీద నడిచింది. ఒకటిన్నర కిలోవాట్ల గార్‌స్టిన్ ప్లేస్ నుంచి అంత దూరం వచ్చాం.

ఈ మార్పులో రెండు సంగతులు నన్ను ఆలోచింపజేస్తాయి. మొదటిది చెవికి సంబంధించినది. బ్లేడు పట్టినవారు విని కోశారు. ఇప్పుడు చూసి కోస్తున్నారు. తెర మీద చదునుగా కనబడే చోటు ఖాళీ అనిపిస్తుంది, తీసేస్తారు. అక్కడ ఒక మనిషి ఊపిరి పీల్చుకున్నాడు, ఆలోచించాడు. కార్యక్రమం చురుకవుతుంది, మనిషి పలుచనవుతాడు. ఇది యంత్రం తప్పు కాదు. వినే అలవాటు తగ్గడం. రెండవది మనుషులకు సంబంధించినది. ప్రైవేటు ఎఫ్ఎం స్టూడియోలో ఒక్క వ్యాఖ్యాతే మైకు, ఫేడర్లు, పాటల జాబితా, టెలిఫోను అన్నీ చూసుకుంటున్నారు. అద్దం ఉంది, అవతల కుర్చీ ఖాళీ. పని పోలేదు, అంతా ఒకరి మీద పడింది. ఒక గొంతును మరో చెవి కాపు కాసే ఏర్పాటు మాత్రం పోయింది.

ఇక నా ప్రధాన వాదానికి వస్తాను. పాత టేపును నాణ్యంగా భద్రపరచడానికి ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం సిఫారసు చేసే ప్రమాణం 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. ఆ ప్రమాణంలో గంట నిడివి గల మోనో ధ్వనికి సుమారు ఒక గిగాబైటు పడుతుంది. అంటే అరచేతిలో ఇమిడే 4 టెరాబైట్ల డిస్కులో 3,800 గంటలు. ఒకప్పుడు బీరువాలు నింపిన టేపుల గది ఇప్పుడు జేబులో పడుతుంది. స్థలం లేదన్న మాట చెల్లదు. ఇక ఏదైనా పోయిందంటే, పోనిచ్చింది మనమే.

పోవడానికి గడువు కూడా దగ్గర పడింది. తేమ ఎక్కువగా ఉండే కోల్‌కతా, విజయవాడ, విశాఖ వంటి చోట్ల టేపు మీది జిగురు నీటిని పీల్చి మెత్తబడుతుంది. అలాంటి టేపును యంత్రంలో వేస్తే ఆక్సైడ్ పొర రాలి హెడ్డుకు అంటుకుంటుంది. ఎసిటేట్ టేపు పులిసిన వాసన వేస్తూ పెళుసవుతుంది. పొర మీద పొరగా చుట్టి ఉన్న టేపులో ఒక చుట్టు అయస్కాంతత్వం పక్క చుట్టుకు సోకి, మాటకు ముందే దాని నీడ వినిపిస్తుంది. టేపు బాగున్నా దాన్ని వినిపించే యంత్రం దొరకదు. యంత్రం దొరికినా దాన్ని సరిచేయగల మనిషి ఉండడు. ఆస్ట్రేలియా జాతీయ ధ్వని, చలనచిత్ర భాండాగారం 2015లోనే హెచ్చరించింది, 2025 నాటికి డిజిటల్ రూపంలోకి మార్చని టేపుల్లో అధికభాగం దక్కదని. ఆ సంవత్సరం వచ్చింది, వెళ్లింది కూడా.

కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో పని అయిపోదు. పేరు లేని ఫైలు పోయిన ఫైలుతో సమానం. చాలా వ్యవస్థల్లో ప్రసారం అయిపోయిన ఫైళ్లను గడువు తీరగానే తుడిచేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఎవరు పాడారు, ఏ కేంద్రం, ఏ తేదీ, పక్కవాద్యం ఎవరు, రికార్డు చేసింది ఎవరు అన్న వివరాలు క్యూ షీట్లలో, డ్యూటీ రూము నివేదికల్లో, టేపు డబ్బా మీది చేతిరాతలో ఉన్నాయి. టేపును కాపాడి డబ్బాను పారేస్తే సగమే కాపాడినట్లు. ఆ చేతిరాతను చదవగలిగిన విశ్రాంత ఉద్యోగులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఆ గొంతులను గుర్తుపట్టించి, వివరాలు రాయించుకోవలసిన సమయం ఇది. ఆకాశవాణి భాండాగారం తన నిధిలో కొంత భాగాన్ని సీడీలుగా, అంతర్జాలంలో విడుదల చేసింది. అది మంచి పని. ప్రాంతీయ కేంద్రాల్లోని తెలుగు టేపుల విషయంలో ఆ పని ఇంకా ఎంతో వేగంగా జరగాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తాళపత్రాలకు ఇచ్చిన గౌరవాన్ని టేపుకూ ఇవ్వాలి.

ఈ సభలో ఉన్నవారికి ఒక విన్నపం. మీ ఇళ్లలో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, ఊళ్లో వదిలి వచ్చిన పెట్టెల్లో పాత స్పూళ్లు, క్యాసెట్లు ఉండవచ్చు. రేడియోలో పాడిన మీ అత్తగారి పాట, నాటికలో వేషం వేసిన మీ నాన్నగారి మాట వాటిలో ఉండవచ్చు. దయచేసి వాటిని ఎండలో పెట్టకండి, పాత యంత్రంలో వేసి పరీక్షించకండి. డబ్బా మీద రాసి ఉన్నది ఉన్నట్లుగా ఫోటో తీసి, మీకు తెలిసిన పేర్లు, తేదీలు కాగితం మీద రాసి దానికి జత చేయండి. ఈ ఏడాది లోపలే, పని తెలిసిన మనిషి చేతిలో పెట్టి, డిజిటల్ ప్రతిని కనీసం రెండు వేరు వేరు చోట్ల ఉంచండి. రికార్డు చేసినవారి పేరు తెలిస్తే దాన్ని కూడా తప్పకుండా రాయండి.